విండోస్ ఇన్‌స్టాలర్ డిస్కులు లేవంటుంది, నమ్మొద్దు

పోయిన మామిడి సీజన్‌లో, జూన్ చివర్లో ఒక రాత్రి, కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోను మోగింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అకౌంటెంటు. "సార్, సర్వర్ పోయింది, కాటా ఆగిపోయింది, ట్రాక్టర్లు మెయిన్ రోడ్డు దాకా నిలబడి ఉండాయి, మీరు ఇప్పుడే రావల్ల" అన్నాడు.

మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ల కోసం ఒక ముక్క. తోతాపురి కాయ అంతా జూన్, జూలైల్లో ఒక్కసారిగా కోతకొస్తుంది, చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. రైతు ట్రాక్టర్ నిండా కాయ వేసుకొచ్చి లైన్లో పెట్టి, వంతు వచ్చేదాకా అక్కడే తిని అక్కడే పడుకుంటాడు. లోడుతో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి కాటా ఎక్కితే తూకం చీటీ వస్తుంది. చీటీ ఉంటేనే డబ్బు. ఆ చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నది ఈ సర్వర్లో. ఎండకు కాయ మాగిపోతుంటుంది కాబట్టి, బ్యాంకులో సర్వర్ ఆగితే జనం తిట్టుకుంటారు గానీ ఇక్కడ ఆగితే సరుకే పోతుంది.

పాత సర్వర్ బోర్డు కాలిపోయింది. అదృష్టం ఏమిటంటే కొత్త సర్వర్ రెండు నెలల ముందే కొని పెట్టారు. దురదృష్టం ఏమిటంటే "సీజన్ అయినాక చూద్దాంలే" అని అట్టపెట్టె కూడా విప్పలేదు. బ్యాకప్ మాత్రం రోజూ తీస్తున్నారు, అది నేను అరిచి అరిచి పెట్టించిన అలవాటు. సరే, విండోస్ సర్వర్ 2022 వేసి, బ్యాకప్ ఎక్కించి వచ్చేయడమే కదా, ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటా అని మా ఆవిడకు చెప్పి తిరుపతి నుంచి బయల్దేరా. ఆ "ఒంటిగంటకల్లా" అనే మాట మా ఇంట్లో ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది.

చంద్రగిరి దాటి, పూతలపట్టు మీదుగా పోయి ఫ్యాక్టరీ చేరేసరికి పదిన్నర. సర్వర్ రూము అంటారు గానీ అది కాటా పక్కన ఉండే చిన్న గది. మాగిన పండు వాసన, ఈగలు, గోడ మీద చీమల బారు. కాటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్‌కు ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా అలాగే ఉంది. పాతదాన్ని పక్కకు జరిపి, కొత్తదాన్ని టేబుల్ మీద పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేశా. భాష, ఎడిషన్ ఎంచుకున్నా, కస్టమ్ కొట్టా. ఏ డిస్కులో వెయ్యాలి అని అడిగే తెర వచ్చింది.

ఖాళీ. ఒక్క వరుస కూడా లేదు. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కావాలంటే 'లోడ్ డ్రైవర్' నొక్కండి అని కింద ఒక వాక్యం.

ఈ వాక్యం గురించే ఈ పోస్టు. గోడౌన్ తాళంచెవి తన దగ్గర లేదని చెప్పకుండా, గోడౌన్‌లో సరుకే లేదని చెప్పే వాచ్‌మన్ లాంటిది ఇది. డ్రైవర్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడటానికి విండోస్‌కు కావలసిన చిన్న ప్రోగ్రాం) లేకపోయినా ఇదే మాట, వేరే డ్రైవర్ ఇచ్చినా ఇదే మాట, కేబుల్ ఊడినా ఇదే, డిస్కులను రెయిడ్‌లో (రెండు మూడు డిస్కులను కలిపి ఒకటిగా చూపించే పద్ధతి) కట్టడం మరిచిపోయినా ఇదే. పక్కనే కాణిపాకం, తీసుకుపోయి వినాయకుడి ముందు ప్రమాణం చేయించినా ఇంతకు మించి చెప్పదేమో.

అసలు లోపల జరిగేది ఏమిటంటే, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేది విండోస్ పీఈ అనే చిన్న విండోస్. అది ర్యామ్‌లోనే నడుస్తుంది, ఆ ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) తయారైన నాటికి మైక్రోసాఫ్ట్ అందులో సర్దిన డ్రైవర్లు మాత్రమే దాని దగ్గర ఉంటాయి. డిస్కు తగిలించే మామూలు సాటా పోర్టు ఏహెచ్‌సీఐ అనే మోడ్‌లో ఉంటే అందరికీ ఒకటే పద్ధతి కాబట్టి గుర్తుపడుతుంది. ఎన్‌వీఎంఈ అనే రకం ఎస్ఎస్‌డీలు కూడా అంతే. డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ల సంగతి వేరు, ఒక్కో జాతిది ఒక్కో భాష. ఆ భాష తెలిసిన డ్రైవర్ లేకపోతే కంట్రోలర్ దానికి ఊరూ పేరూ లేని ఒక పీసీఐ పరికరం, దాని వెనక ఎన్ని డిస్కులున్నా లేనట్టే లెక్క.

ఇక నేను చేసిన పని చూడండి. ముందు భాగంలో మోడల్ నంబర్ చదివి, ఆ మోడల్‌కు రెయిడ్ కార్డు ఉంటుంది కదా అని గుర్తు తెచ్చుకుని, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఆ కార్డు డ్రైవర్ డౌన్‌లోడ్ చేశా. ఆ గదిలో సిగ్నల్ ఒక గీత. ఫోన్‌ను కిటికీ ఊచకు ఆనించి పెడితే రెండు గీతలు. డౌన్‌లోడ్ అయింది ఈఎక్స్ఈ ఫైలు, దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే ఇన్‌స్టాలర్ కంటికి ఆనదు. దానికి కావలసింది విప్పిన ఫోల్డర్. అందులో ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ అనే మూడు రకాల ఫైళ్లూ పక్కపక్కనే ఉండాలి. చాలామంది ఐఎన్ఎఫ్ ఒక్కటే కాపీ చేసుకుని తల పట్టుకుంటారు. ఐఎన్ఎఫ్ అంటే ఏ పరికరానికి ఏ ఫైలు అని రాసిన చీటీ మాత్రమే, అసలు డ్రైవర్ ఎస్‌వైఎస్, క్యాట్ దాని సంతకం. ఇవన్నీ తెలుసు కాబట్టి ల్యాప్‌టాప్‌లో విప్పుకుని తీసుకుపోయి లోడ్ డ్రైవర్ కొట్టి ఫోల్డర్ చూపించా.

సరిపోయే డ్రైవర్ ఏదీ లేదంది.

అక్కడ ఒక టిక్ ఉంటుంది, ఈ మెషీన్ హార్డ్‌వేర్‌కు సరిపోని డ్రైవర్లను దాచు అని. తీసేశా. వెంటనే నా డ్రైవర్ పేరు జాబితాలో ప్రత్యక్షం. "ఆఁ, ఉంది కదా" అనుకుని దాన్నే ఎంచుకుని నెక్స్ట్ కొట్టా. గీత అటూ ఇటూ పరిగెత్తింది, మళ్లీ అదే ఖాళీ తెర. ఇంకో వెర్షన్ దించా. 2019ది దించా. ఆ టిక్ తీసేసి మూడుసార్లు అదే పని చేశా. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ టిక్ ఉన్నప్పుడు ఇన్‌స్టాలర్ చేసేది ఐఎన్ఎఫ్‌లో రాసిన హార్డ్‌వేర్ ఐడీలను మెషీన్‌లో ఉన్న పరికరాల ఐడీలతో పోల్చి చూడడం. ఏదీ కలవలేదు కాబట్టి "నీ దగ్గరున్నది దీనిది కాదు" అని చెప్పింది. ఆ రాత్రి అది నిజం చెప్పింది ఒక్కచోటే, దాన్నే నేను నమ్మలేదు.

పదకొండున్నర దాటింది. కిటికీ దగ్గర తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి చూస్తున్నాడు, ఎప్పట్నుంచి ఉన్నాడో.

"ఏం నాయనా, మిషను లేసిందా?"

"లేదు పెద్దాయనా, లేస్తాది."

"ఎంతసేపు పడతాది? నిన్న పొద్దున కోసిన కాయ."

ఇన్నేళ్లుగా ఎందరో మేనేజర్లకు 'ఈటీఏ' (ఎప్పటికి అవుతుందనే అంచనా) ఇచ్చాను గానీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చినంత టెన్షన్ ఎప్పుడూ రాలేదు. ఒక గంట అన్నా. ఆయన సరేనని పోయి ట్రాక్టర్ మీద కాయల పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

అప్పుడు చేశాను, మొదటే చెయ్యాల్సిన పని. బ్యాగులో ఉబుంటు అనే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఊరికే టెర్మినల్ తెరిచి, మెషీన్‌లో ఉన్న పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను నంబర్లు చూపించే ఆప్షన్‌తో కొట్టా. ప్రతి పరికరం పక్కన రెండు నంబర్లు వస్తాయి, మధ్యలో కోలన్. మొదటిది తయారీదారుది, రెండోది పరికరానిది. మొదటి నంబర్ 1000 అయితే రెయిడ్ కార్డులు చేసే ఎల్‌ఎస్‌ఐ కంపెనీ జాతి. ఆ కంపెనీ 2014లో అవాగోకు పోయి ఇప్పుడు బ్రాడ్‌కామ్ అయినా నంబర్ మాత్రం అదే. 9005 అయితే అడాప్టెక్, 8086 అయితే ఇంటెల్. మీరు వాడే సర్వర్ మీద ఏ బ్రాండు బొమ్మ ఉన్నా, లోపలి కార్డు చాలాసార్లు ఈ జాతుల్లోదే అయి ఉంటుంది.

నా తెర మీద 1000 ఎక్కడా లేదు. ఉన్నదల్లా 8086, సాటా కంట్రోలర్, రెయిడ్ మోడ్ అని. అంటే ఈ సర్వర్లో రెయిడ్ కార్డే లేదు! నమ్మకం కుదరక మూత తీసి చూశా, కార్డు ఉండాల్సిన స్లాట్‌లో గాలి. ఒకే మోడల్‌ను కార్డుతోనూ అమ్ముతారు, కార్డు లేకుండా మదర్‌బోర్డు చిప్‌సెట్‌తోనే నడిచే సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తోనూ అమ్ముతారు. కొన్నవాళ్లు తక్కువ ధర కొటేషన్ చూసి రెండోది తీసుకున్నారు. తప్పేం కాదు. చూడకుండా ఊహించుకోవడం నాది తప్పు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. లైనక్స్‌కు 960 జీబీ ఎస్ఎస్‌డీలు రెండూ విడివిడిగా శుభ్రంగా కనిపించాయి. ఇది చిన్న విషయం కాదు. డిస్కులు బాగున్నాయి, కేబుళ్లు బాగున్నాయి, పవర్ వస్తోంది అని ఒక్క దెబ్బకు తేలిపోయింది. పైగా అసలు రెయిడ్ కార్డు ఉండి, దానిలో డిస్కులను వర్చువల్ డిస్కుగా (ఓఎస్‌కు ఒకటే డిస్కులా కనిపించేలా) కట్టకపోతే చాలాసార్లు లైనక్స్‌కు కూడా ఏమీ కనపడదు. ఇక్కడ విడివిడిగా కనిపించాయంటే ఇది కేవలం డ్రైవర్ చేసే రెయిడ్ అని అర్థం, రెండు డిస్కులను ఒకటిగా చూపించే పనంతా ఆ డ్రైవర్‌దే.

సరైన డ్రైవర్ దించా, విప్పా, లోపల ఒక్కో ఓఎస్‌కు ఒక్కో ఫోల్డర్, 2022 చూపించా. ఈసారి టిక్ ఉండగానే పేరు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. నెక్స్ట్.

మళ్లీ ఖాళీ.

ఇక్కడ ఇంకో అరగంట పోయింది నాది. డ్రైవర్ తప్పేమో, పాతదేమో, ఐఎస్ఓ పాడేమో అని అన్నీ అనుమానించా, ఒక్కటి తప్ప. ఆఖరికి రీస్టార్ట్ చేసి బయోస్ (మదర్‌బోర్డు సొంత సెట్టింగులు) సెటప్‌లోకి పోయి స్టోరేజ్ మెనూ తెరిస్తే, డిస్కులు రెండూ పేర్లతో సహా కూర్చుని ఉన్నాయి, వర్చువల్ డిస్కులు సున్నా. పెట్టెలోంచి తీసిన కొత్త సర్వర్, దాన్ని ఎవరు కడతారు? రెండూ ఎంచుకుని రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా, ఒకటి పోయినా రెండోది ఉంటుంది) కట్టి సేవ్ చేశా. ఒకే వాక్యం వెనక రెండు జబ్బులు దాక్కున్నాయి, ఒకటి తగ్గినా మనిషి లేవడు కాబట్టి మందు పనిచెయ్యలేదు అనుకున్నా.

తిరిగి ఇన్‌స్టాలర్, తిరిగి లోడ్ డ్రైవర్ (పీఈ ర్యామ్‌లోనే బతుకుతుంది కాబట్టి రీస్టార్ట్ కాగానే అంతా మరిచిపోతుంది, ప్రతిసారీ మళ్లీ చూపించాల్సిందే). ఈసారి ఒక్క వరుస వచ్చింది, 893 జీబీ చిల్లర. 960 అని అమ్మినది విండోస్ లెక్కలో అంతే అవుతుంది. టైము ఒంటిగంటా పది.

మధ్యలో ఒక దుర్బుద్ధి కూడా పుట్టిందని ఒప్పుకోవాలి. బయోస్‌లో రెయిడ్ మోడ్ తీసేసి ఏహెచ్‌సీఐ పెట్టేస్తే డ్రైవరూ అక్కర్లేదు ఏమీ అక్కర్లేదు, రెండు డిస్కులూ టక్కున కనపడతాయి. అలా చేసి వచ్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ రెయిడ్ ఉందనే నమ్మకంతో ఓనరు డబ్బు పెట్టాడు. మనం అది తీసేసి చెప్పకుండా వస్తే, డిస్కు పోయిన రోజు దాకా ఎవరికీ తెలియదు. ఓనరుకు చెప్పి, ఏహెచ్‌సీఐలో పెట్టి విండోస్ మిర్రర్ (రెయిడ్ 1 పనే, విండోస్ చేస్తుంది) వాడతానంటే నాకు అభ్యంతరం లేదు. ఇంకోటి, ఓఎస్ వేశాక ఆ మోడ్ ముట్టుకోవద్దు. ఓఎస్ ఏ డ్రైవర్‌తో బూట్ అవ్వాలో ముందే పెట్టుకుని ఉంటుంది, మోడ్ మారితే నీలం తెర, 7బి ఎర్రర్, బూట్ డిస్కు అందట్లేదని. బయోస్ బ్యాటరీ అయిపోయి సెట్టింగులు మొదటికొచ్చినప్పుడు వచ్చే 7బి కూడా ఎక్కువగా ఇదే.

గీత నడుస్తుండగా అకౌంటెంటు టీ తెప్పించాడు. అది అయ్యేలోపు ఇలాంటివే ఇంకొన్ని చెప్తాను.

సర్వర్ 2003 రోజులు తెలిసినవాళ్లకు ఎఫ్6 అంటే ఒళ్లు జలదరిస్తుంది. సెటప్ మొదట్లో నీలం తెర కింద ఎఫ్6 నొక్కమని కొన్ని సెకన్లు వచ్చేది. ఆ క్షణం తప్పితే మళ్లీ మొదట్నుంచి. నొక్కినా డ్రైవర్ ఇవ్వాల్సింది ఫ్లాపీలో, సర్వర్‌కేమో ఫ్లాపీ డ్రైవ్ ఉండేది కాదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక షాపులో పాత ఫ్లాపీ డ్రైవ్ అద్దెకు తెచ్చుకున్న రోజులున్నాయి, అడ్వాన్సు కట్టి మరీ. 2008 నుంచి పెన్‌డ్రైవ్ ఒప్పుకున్నారు, బతికిపోయాం.

యూఎస్‌బీ 3 పోర్టు సంగతి. 2008 ఆర్2 లాంటి పాతది వెయ్యాల్సి వచ్చినప్పుడు సీడీ, డీవీడీ డ్రైవర్ లేదు అని అడుగుతుంది. వేసేది పెన్‌డ్రైవ్ నుంచి, అడిగేది డీవీడీ డ్రైవర్! దాని బాధ ఏమిటంటే నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకు దాని దగ్గర డ్రైవర్ లేదు, అంటే తాను వచ్చిన పెన్‌డ్రైవే తనకు కనపడట్లేదు. నల్లగా ఉండే యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి, చాలావరకు అయిపోతుంది. నేను దానికి డిస్క్ డ్రైవర్లు తినిపిస్తూ ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నా.

ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపేది) మీద విండోస్ వేసేవాళ్లకు వర్చువల్ డిస్కు వర్ట్‌ఐఓ స్కసీ రకం పెడితే ఇదే ఖాళీ తెర. దాని డ్రైవర్లున్న వర్ట్‌ఐఓ ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, వయోస్కసీ ఫోల్డర్‌లో 2కే22, దానిలో ఏఎండీ64 చూపిస్తే చాలు. ప్రాసెసర్ ఇంటెల్ అయినా ఏఎండీ64 ఫోల్డరే, కంగారు పడొద్దు.

లైనక్స్‌లో ఈ గోల ఉండదని అనుకుంటారు గానీ ఉంటుంది, ఇంకో రకంగా. 2024 జూన్ 30తో సెంటాస్ 7 (రెడ్ హ్యాట్ లైనక్స్‌కు ఉచిత రూపం) కాలం చెల్లింది కదా, తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పాత సర్వర్‌ను కొత్త దానికి మార్చమన్నారు. 7లో పదేళ్లు చక్కగా నడిచిన రెయిడ్ కార్డు 8వ వెర్షన్ ఇన్‌స్టాలర్‌లో మాయం. కార్డు ఐడీ 1000:0060. డ్రైవర్ అక్కడే ఉంది, మెగారెయిడ్ ఎస్ఏఎస్ అని, కానీ రెడ్ హ్యాట్ 8వ వెర్షన్‌లో పాత కార్డుల ఐడీలను ఆ డ్రైవర్ జాబితాలోంచి కొట్టేసింది. డ్రైవర్ ఉన్నా నీ కార్డు నంబర్ దాని పుస్తకంలో లేదన్నమాట. అలాంటప్పుడు ఇలా తీసేసిన డ్రైవర్లు తయారుచేసే ఎల్‌రెపో వాళ్లు ఇచ్చే డ్రైవర్ డిస్కును బూట్ లైన్లో ఇన్‌స్ట్ డాట్ డీడీ అని ఇచ్చి చూపించాలి, లేదా ఆ ఇమేజ్ ఉన్న పెన్‌డ్రైవ్‌కు ఓఈఎండీఆర్‌వీ అని లేబుల్ పెడితే ఇన్‌స్టాలర్ తనంతట తనే వెతుక్కుంటుంది. దీనిలో తలనొప్పి తర్వాత మొదలవుతుంది. కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ) మారినప్పుడల్లా ఆ డ్రైవర్ కూడా వెంట వస్తుందో లేదో చూసుకోవాలి, రాకపోతే బూట్ మధ్యలో డ్రాకట్ షెల్ అనే ఎమర్జెన్సీ తెరలో పడి ఉంటారు. రెడ్ హ్యాట్ దారిలోనే నడిచే ఆల్మాలైనక్స్ 9.4లో అలా తీసేసిన పాత కార్డులు చాలావాటికి మళ్లీ చోటిచ్చారు. ఇప్పుడు పాత సర్వర్ అంటే నేను నేరుగా అక్కడికే పోతున్నా, లేదంటే డెబియన్. పాతదాన్ని ఈడ్చుకురావడం తప్పా ఒప్పా అని కాలేజీ వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు, వాళ్ల బడ్జెట్ వాళ్లది.

ఇన్‌స్టాల్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డిస్కు కనపడడానికి పట్టింది రెండున్నర గంటలకు పైనే. తర్వాత డేటాబేస్ ఎక్కించి, సీరియల్ కేబుల్ తగిలించి, పోర్టు నంబర్ పాతదే పెడితే కాటా అంకెలు తెర మీదకు వచ్చాయి. రెండూ నలభైకి మొదటి చీటీ. లైన్లో ఆ పెద్దాయనది పదో పదకొండో నంబరు, అకౌంటెంటు పోయి లేపాడు. బండి కాటా మీదకు ఎక్కుతుంటే కిటికీ వైపు చూసి "గంటన్నావే నాయనా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులెండి.

వచ్చే ముందు ఒక తెల్ల కాగితం మీద కంట్రోలర్ ఐడీ, డ్రైవర్ వెర్షన్, రెయిడ్ 1, రెండు డిస్కుల సీరియల్ నంబర్లు రాసి సర్వర్ మూత లోపలి వైపు అంటించా. విప్పిన డ్రైవర్ ఫోల్డర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను దాని పక్కనే టేపు వేశా. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నా ఉబుంటు కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. ఈసారి అటు పోయినప్పుడు తెచ్చుకోవాలి.